పొలము గట్టుతో మన బాధ్యత తీరునా?



మన ఆత్మకూర్ (ఎస్) ప్రాంతమునకు సముద్రము బహుదూరము. దానిని కన్నులార చూడనివారు మన సంఘములలో అనేకులున్నారు. అయినను మన పొలముల నీటికి సముద్రపు దారి తెలియును. మళ్లనుండి పొర్లిన నీరు వాగులలో పడి, మూసీ, పాలేరు వంటి యేళ్ల వెంట కృష్ణానదిని చేరును. మూసీ కృష్ణలో కలియు వాడపల్లి మిర్యాలగూడకు దగ్గరనే యున్నది. అక్కడినుండి కృష్ణ దివిసీమ ప్రక్కగా ప్రవహించి, హంసలదీవి ప్రాంతమున బంగాళాఖాతములో కలియుచున్నది. నదులన్నియు పడినను సముద్రము నిండదని ప్రసంగి గ్రంథములో చదువుచున్నాము. అయితే ఆ నీళ్లతోకూడ ఏమి పోవుచున్నదో ఆలోచించితిమా?

45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని యుండును. తరచుగా వరిపైరు అందులో సగమైనను తీసికొనదు. మిగిలినది కొంత గాలిలో కలియును, కొంత నేలలో ఇంకును, కొంత నీటితో పోవును. ఆ పోయినదానిలో కొంత చెరువులలోను జలాశయములలోను నిలిచిపోగా, కొంత వరదలతో సముద్రపు అంచును చేరును.

ఆ అంచున మడ అడవులును ఉప్పుబురద నేలలును ఉన్నవి. అక్కడ వరి పండదు, త్రాగునీరు దొరకదు గనుక అది వట్టి పనికిరాని నేలయని అనేకులందురు. కాని అచ్చట జరుగు పని చూడుడి. దినమునకు రెండుసార్లు సముద్రము పొంగి ఆ నేలమీదికి వచ్చును, రెండుసార్లు వెనుకకు తీయును. గాలి చొరని బురదలో కంటికి కనబడని సూక్ష్మజీవులు నీటిలోని నత్రజనిలో కొంత భాగమును వాయువుగా మార్చి గాలిలోనికి పంపును. మొక్కలు కొంత తీసికొని ఆకులుగా చేసికొనును. రాలిన ఆకులు కుళ్లి పీతలకును రొయ్యపిల్లలకును ఆహారమగును. కొంత ఆటుపోట్లతో సముద్రములోనికి పోయి చేపలకు చేరును.

అమెరికాలోని జార్జియా తీరమున ఉప్పు గడ్డినేలను పరిశోధించిన జాన్ టీల్ అను శాస్త్రజ్ఞుడు, అక్కడ పెరిగినదానిలో నూటికి 45 వంతులు ఆటుపోట్లతో బయటికి పోవుచున్నదని 1962లో వ్రాసెను. 1980లో స్కాట్ నిక్సన్ ఇరువది యేండ్ల పరిశోధనలను సరిచూచి, అన్ని చోట్ల ఒకే లెక్క చెల్లదనియు, ఈ నేలలు నత్రజనిని ఒక రూపమున పుచ్చుకొని మరియొక రూపమున ఇచ్చుచున్నవనియు చూపెను.

పొలము కోయునప్పుడు ఓరలు బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము 19వ అధ్యాయము నేర్పుచున్నది. ఓరన ఉన్నది మనకు పనికిరానంత మాత్రమున వ్యర్థము కాదు. అది మరియొకని జీవనము. ఈ ఉప్పునేల దేశమునకే ఓర. దానివలన బ్రదుకువారు జాలరులు.

ఒకడు ఇట్లనవచ్చును: “నేను వేయునది రెండు బస్తాలు. అంత పెద్ద నదిలో అదెంత? ఎట్లును ఆ బురదనేల దానిని శుద్ధి చేయును గదా?” మారుమాటాడక మోయువాని నెత్తిన మరికొంత బరువు పెట్టుట న్యాయమా? మోయువానికిని ఒక మేర కలదు. ఎరువు మితిమీరినచోట నీటిలో నాచు విస్తరించును. అది కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. రొయ్యల చెరువులకై మడ నరికినచోట మోయువాడే లేకుండ పోవును. మన రెండు బస్తాల వంటివి లక్షలు కలిసియే గదా నదిలో పోవునది!

కాబట్టి యూరియాను ఒకేసారి కుమ్మరింపక, రెండు మూడు దఫాలుగా పైరుకు కావలసినంతయే వేయుదము. వేసిన పిదప కొన్ని దినములు మడి నీరు బయటికి విడువకుందము. ఇందువలన మన డబ్బును మిగులును. డబ్బు మిగలకపోయినను ఇది చేయదగినదే. దివిసీమ జాలరి మన పేరెరుగడు, మనకు ప్రత్యుపకారము చేయలేడు. అయినను మన నీరు చేరుచోటనున్న అతడు మనకు పొరుగువాడే.