పొంగిన పిండికి జేజేలు

చేవెళ్ల వైపు ఇళ్లలో జొన్నరొట్టె చేసే చేతుల్ని ఎంతసేపు చూసినా తనివి తీరదు. మరిగే నీళ్లు పోసి, వేళ్లు చుర్రుమంటున్నా పిండి కలిపేస్తారు. జొన్నలో సాగే జిగురు లేదు, ఆ వేడినీళ్లే దానికి పట్టు. పీట మీద టపటప కొడుతుంటే ముద్ద తిరుగుతూ తిరుగుతూ రొట్టెవుతుంది. పెనం మీద పడ్డాక పైన తడిబట్టతో ఒక్క తుడుపు. కొలత లేదు, గడియారం లేదు.

అంతటి చేయి ఉన్న మా వదిన, ఇంట్లోనే బ్రెడ్డు చేద్దామని కూర్చుని, గిన్నెడు మైదా ముందు జంకింది. జంకదూ మరి! మన ఊళ్లలో బ్రెడ్డంటే జ్వరమొచ్చినోళ్లకు పాలల్లో ముంచి పెట్టేది, లేదంటే పెళ్లి విందులో డబల్ కా మీఠా. పట్నం నుంచి రావాల్సిందే తప్ప మన పొయ్యి మీద పుట్టేదని ఎవరనుకున్నారు? "పొంగకుంటే ఎట్ల?" అని పొద్దుట్నుంచీ ఒకటే మాట.

మైదా, చెంచాడు ఈస్టు, ఉప్పు, కాస్త చక్కెర. నీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉండాలి, మరిగేవి పోస్తే ఈస్టు చచ్చిపోతుంది. అలవాటైన చేతిని ఆపుకోవడమే ఆమెకు కష్టమైంది. పిండి మొదట వేళ్లకంతా అంటుకుని సతాయించింది. పిసకగా పిసకగా నున్నబడింది. చిన్న ముక్క తుంచి, రెండు చేతులా సాగదీసి, కిటికీకి ఎదురుగా పట్టుకుంది. చిరగలేదు. ఆ పల్చని పొరలోంచి ఆమె బొటనవేలి గోరు కనిపించింది.

చిలుకూరు బాలాజీకి కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. పిండికి ఏ మొక్కూ అక్కర్లేదు, మూతపెట్టి వెచ్చగా ఉంచితే చాలు. మన ఎండాకాలంలో గంట తిరక్కుండానే రెండింతలవుతుంది. ఈస్టులోని కంటికి ఆనని జీవులు చక్కెర తిని బొగ్గుపులుసు వాయువు వదులుతాయి, మైదా జిగురు దాన్ని పోనివ్వక పట్టి ఉంచుతుంది. పులియడం ప్రాణుల పనేనని లూయీ పాశ్చర్ 1857 నుంచి వరసగా నిరూపిస్తూ వచ్చాడు. ఈతచెట్టు కల్లు లొట్టిలో నురగ కట్టించేదీ ఈ ఈస్టు జాతే. గోవాలో ఒకప్పుడు కల్లుతోనే రొట్టెపిండిని పొంగించేవాళ్లు. ఇంత కల్లు పారిన నేల మనది, ఆ ఉపాయం మనకెందుకు తట్టలేదో! గాలిని పట్టి ఉంచే జిగురు జొన్నకు లేకపోవడం వల్లే కావచ్చు.

ఓవెన్ లేదు. కుక్కర్లో ఉప్పు పరిచి, విజిల్, రబ్బరు తీసేసి, పిండి గిన్నెను లోపల పెట్టింది. కాసేపటికి వాసన వంటిల్లు దాటి వాకిట్లోకొచ్చింది. పైభాగం పాలిపోయినట్టే ఉంది గానీ అడుగు ఎర్రగా కాలింది. ఆ ఎరుపు, ఆ కమ్మదనం చక్కెరలూ మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ వేడికి కలిసినందువల్ల పుడతాయి; ఆ కలయిక సంగతి 1912లో మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పాడు. జొన్నరొట్టె మీది గోధుమరంగు మచ్చల్లోనూ ఆయన చెప్పిందే ఉంది.

కోస్తే లోపలంతా చిన్నాపెద్దా కన్నాలు, వేలితో నొక్కితే తిరిగి లేచే మెత్తదనం. టమాట తొక్కు రాసుకుని తిన్నాం. వదిన రెండో ముక్క అందుకుంటూ, "ఈసారి పావు వంతు జొన్నపిండి కలుపుత. మిగిలిన మైదా పట్టుకోదా ఏంది?" అంది.