తెలియక చేసినది

ఇస్సాకు వృత్తాంతము నీకు తెలిసినదే. చూపు మందగించిన తండ్రియొద్దకు యాకోబు చేతులకు మేకపిల్లల చర్మము కట్టుకొని వచ్చెను. ముసలివాడు తడిమి చూచి, పెద్దకొడుకే అనుకొని దీవెన ఇచ్చివేసెను.

మన దేహములోని కణములును అట్లే తడిమి పోల్చుకొనును. ఈస్ట్రోజెన్ అను హార్మోను తన గ్రాహకమును తగులుకొన్నప్పుడు ఏ జన్యువులు పనిచేయవలెనో నిర్ణయమగును. డి.డి.టి.లోని ఒక భాగమును, కొన్ని ప్లాస్టిక్కులలోని బిస్ఫినాల్-ఎయును అదే గ్రాహకమును తగులుకొనగలవు. వాటి బలము స్వల్పమే. కాని గర్భములో శిశువు రూపొందు కాలమున స్వల్పమని త్రోసివేయుటకు వీలులేదు. 1938లో తయారైన స్టిల్‌బెస్ట్రాల్ బలమైన కృత్రిమ ఈస్ట్రోజెన్. గర్భము నిలుచునని దానిని అమెరికాలో ఎందరో తల్లులకు ఇచ్చిరి. వారి కుమార్తెలలో కొందరికి అరుదైన క్యాన్సరు వచ్చినట్లు 1971లో బయటపడెను.

ఇచ్చిన వైద్యుడు యాకోబువలె మోసగాడు కాడు. 1989లో మన దేశమున వ్యవసాయమునకు నిషేధింపబడువరకు డి.డి.టి. చల్లిన రైతును కాడు. అయినను లేవీయకాండము, తెలియక చేసినదానికి సహితము, తెలిసిన దినమున లెక్క అడుగును.

పాలకొల్లు ప్రాంతమున కాలువలో పురుగుమందు డబ్బా కడుగు చేతులను నేటికిని చూచుచున్నాము. నేటి మందులన్నియు ఈస్ట్రోజెన్ వేషము వేయునవి కావు. ఏది వేయునో కడుగువాడు ఎరుగడు. ఆ నీరే దిగువ ఊరి మంచినీళ్ల చెరువునకు పారును.