చేయి తప్పా, పగ్గము తప్పా?



ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండి విమానము నడుపుట నేర్చుకొను సాధనమొకటి నేడున్నది. దానిని ఫ్లైట్ సిమ్యులేటరు అందురు. తెర మీద ఆకాశమును రన్‌వేయును కనబడును. చేతిలో జాయ్‌స్టిక్ అను చిన్న పిడి యుండును. ఇది పిల్లల ఆటగా పుట్టినది కాదు. 1929 ప్రాంతమున అమెరికాలో ఎడ్విన్ లింక్ అను నతడు, తన తండ్రి ఆర్గను వాద్యముల కర్మాగారములో నేర్చిన పనితో, గాలితిత్తులపై ఊగు నకిలీ విమానమొకటి చేసెను. మన హార్మోనియములో తిత్తిగాలి పాటయగును; అక్కడ అదే గాలి చోదకులకు పాఠమాయెను.

క్రొత్తగా పిడి పట్టినవానికి ఒక చిక్కు వచ్చును. రవ్వంత లాగగానే విమానము ముక్కు పైకి లేచును. వాడు బెదరి ముందుకు త్రోయును; అది క్రిందికి దూకును. మరల లాగును. ఇట్లు దిద్దిన కొలది తప్పు పెరుగును. కారణమేమనగా, చిన్న విమానములలో నిజమైన పిడి పొడవైనది; వేగము హెచ్చిన కొలది గాలి ఒత్తిడివలన అది చేతికి బరువుగా తగులును. ఇంటి పిడి పొట్టిది. దానికి స్ప్రింగు తప్ప గాలి యెరుక లేదు. కాబట్టి సెన్సిటివిటీ అను దిద్దుబాటు ఏర్పరచిరి. పిడి నడుమ నున్నప్పుడు విమానము మెల్లగా కదలును. చివరి వరకు లాగినప్పుడు పూర్తి బలము చూపును. డెడ్ జోన్ అను మరియొకటి గలదు. ట్రాక్టరు స్టీరింగులో కొంచెము ప్లే ఉన్నట్లు, చేతి వణకును అది లెక్కచేయదు.

ఇక్కడ మనస్సాక్షి నడుగవలసిన ప్రశ్నయున్నది. చేయి దుడుకైనప్పుడు పగ్గమును మెత్తపరచుట న్యాయమా? అది మన లోపమును కప్పిపుచ్చుట కాదా?

సిద్దిపేట అంగడిలోని త్రాసును తలంచుడి. వర్తకుడు తూచుటకు ముందు ముల్లును సరిగా నడుమకు తెచ్చిన యెడల అది నీతి. తన లాభము కొరకు దానిని ఒక ప్రక్కకు మొగ్గించిన యెడల అది మోసము. చేయి అదే, త్రాసు అదే. భేదము ఉద్దేశములో నున్నది. ఏ దిద్దుబాటు మనలను సత్యమునకు దగ్గర చేయునో అది మంచిది. మన తప్పు మనకు కనబడకుండ చేయునది చెడ్డది. ఇంటి పిడిని నిజమైన విమానము వలె పలుకునట్లు దిద్దుట సత్యము. ఎట్లు లాగినను పడిపోని విమానమును కల్పించుకొని, నేను చోదకుడనని అతిశయించుట అబద్ధము.

ఇది చిన్న మాట కాదు. 2001 నవంబరు 12న న్యూయార్కు నుండి లేచిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587వ విమానము, ముందు పోయిన పెద్ద విమానము రేపిన సుడిగాలిలో చిక్కెను. సహచోదకుడు చుక్కాని పెడలును కొన్ని క్షణములలో అటు నిటు పలుమార్లు బలముగా త్రొక్కెను. తోక రెక్క ఊడిపోయెను. విమానములోని 260 మందియు, నేల మీద 5 గురును మరణించిరి. ఆ త్రొక్కుడు అనవసరమైనది, మితిమీరినది అని విచారణలో తేలెను. అయితే నింద అతనిమీదనే నిలువలేదు. వేగములో స్వల్పమైన త్రొక్కుడుకే పలుకు ఆ చుక్కాని ఏర్పాటును, సంస్థ యిచ్చిన శిక్షణయు దానికి తోడైనవని చెప్పిరి. సిమ్యులేటరులోని ఒక పాఠము సుడిగాలిని ఉన్నదానికంటె ఘోరముగా చూపి యుండవచ్చుననిరి. అబద్ధమైన అభ్యాసము నిజమైన ఆకాశములో ఎంత వెల అడుగునో చూడుడి.

చుక్కానితో నాలుకను పోల్చిన యాకోబు పత్రిక మనకు క్రొత్తది కాదు. మన యిండ్లలో జరుగునదేమి? కోడలు ఒక మాట జారును. అత్త రెండు విసరును. కుమారుడు మూడు కలుపును. ప్రతివాడును దిద్దుచున్నాననియే అనుకొనును. విమానము చక్కగా అమర్చియున్నప్పుడు, చిన్న కుదుపునకు చేయి కొంచెము ఓర్చినచో అది తనంతట తానే నిలకడకు వచ్చును. ఇంటి కలహములలో అనేకము ఇట్టివే.

గాని డెడ్ జోన్ మరీ వెడల్పైనచో పిడి కదిలినను విమానము కదలదు. పొరుగువాని పిల్లలు పస్తున్నను చలించని హృదయము శాంతమైనది కాదు, మొద్దుబారినది. చిన్నవాటికి మెల్లగా, అన్యాయమునకు పూర్తి బలముతో పలుకుటయే సరియైన అమరిక.

"నా స్వభావమే అంత" అని కొందరందురు. స్వభావము దేవుడెరుగును, అమరిక మాత్రము మన చేతిలో నున్నది. మొదట త్రాసు ముల్లును నడుమకు తెచ్చుకొందము. తరువాత చేతిని అలవాటు చేయుదము. ఒకటి చేసి రెండవది మానినవాడు సగము పనియే చేసినవాడు.