సముద్రంలో లేనిది: అభావజ్ఞానం, ధర్మం

కళ్లెదుట ఉన్న వస్తువును మనిషి ఎలా తెలుసుకుంటాడన్న ప్రశ్నతో పాటు, ఒక వస్తువు లేదన్న సంగతి అతనికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నను కూడా భారతీయ దార్శనికులు శతాబ్దాల పాటు చర్చించారు. నేల మీద కుండ లేదని గ్రహించినప్పుడు ఆ జ్ఞానానికి ఆధారం ‘అనుపలబ్ధి’, అంటే వస్తువు కనబడకపోవడమే ఒక ప్రత్యేక ప్రమాణమని కుమారిల భట్టు మార్గంలోని మీమాంసకులు, అద్వైతులు చెప్పగా, అభావం కూడా ప్రత్యక్షం చేతనే తెలుస్తుందని నైయాయికులు వాదించారు. 17వ శతాబ్దికి చెందిన తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఏడు పదార్థాలను లెక్కించి, వాటిలో చివరిదిగా అభావాన్ని నిలిపాడు. తర్కం చదివేవారికే పరిమితమైనట్టు తోచే ఈ విచారం, సముద్రం క్షీణిస్తున్న ఈ కాలంలో ధర్మవిచారానికి పునాది కావలసి వస్తోంది. వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటి అడుగుకు దిగే స్కూబా డైవర్ పైకి తెచ్చే వార్తల్లో అన్నిటికన్నా బరువైనది అక్కడ లేనివాటిని గురించినదే.

ఒడ్డున నిలబడినవాడికి సముద్రం ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. వాతావరణంలో పెరిగిన హరితగృహ వాయువుల వల్ల భూమి మీద మిగిలిపోతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. మానవులు విడుదల చేసిన కార్బన్ డయాక్సైడులో సుమారు నాలుగో వంతు నీటిలో కరగడంతో, పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న ఉపరితల జలాల పీహెచ్ 8.1 స్థాయికి దిగి, ఆమ్లత్వం సుమారు 30 శాతం పెరిగింది. అయినా అల పొంగడంలోను, విరగడంలోను కంటికి తెలిసే భేదమేదీ రాలేదు. 1943లో కుస్తో, గాన్యాఁ అనే ఇద్దరు ఫ్రెంచివారు రూపొందించిన శ్వాస పరికరం వల్ల సామాన్యుడు సైతం నీటి ఉపరితలమనే ఆ తెర దాటి చూడగలిగాడు గాని, చూసినంత మాత్రాన లేమి తెలిసిపోదు.

అభావానికి ‘ప్రతియోగి’ ఉండాలన్నది తార్కికుల సిద్ధాంతం. లేనిది ఏదో అదే ప్రతియోగి; కుండ అంటే ఏమిటో ఎరగనివాడికి కుండ లేదన్న జ్ఞానం కలగదు. మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో గుర్తించిన ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది: ప్రతి తరమూ తన యవ్వనంలో చూసిన సముద్రాన్నే సహజస్థితిగా భావించి, అంతకు ముందే జరిగిన నష్టాన్ని లెక్కలో వేసుకోకపోవడం వల్ల, కొలతబద్దే తరతరానికీ కుంచించుకుపోతుంది. అమెరికాలోని కీ వెస్ట్ రేవులో విహారానికి వచ్చినవారు తాము పట్టిన పెద్ద చేపల పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలను పరిశీలించినప్పుడు, 1950ల నడుమ సుమారు 20 కిలోలున్న చేప సగటు బరువు 2007 నాటికి 2.3 కిలోలకు పడిపోయినట్టు తేలింది. ఆ పాత ఫొటోలే దొరకకపోతే, ఇప్పటి చేపనే పెద్ద చేప అనుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

అభావజ్ఞానానికి ప్రతియోగి స్మృతితో పాటు ‘యోగ్యత’ కూడా అవసరమని శాస్త్రం విధించింది. వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడే పరిస్థితిలో కనబడకపోవడమే ప్రమాణం. చీకటి గదిలో కుండ కనబడకపోతే అది లేదనడానికి వీలులేదు. విశాఖపట్నం తీరానికి ఈ నియమం నేరుగా వర్తిస్తుంది. రుషికొండ, మంగమారిపేట, భీమిలి ప్రాంతాల్లో డైవర్లు దిగే జలాలు వర్షాకాలంలో గెడ్డలు మోసుకొచ్చే మట్టితోను, ఊరి మురుగుతోను బురదెక్కుతాయి గనుక, అటువంటి రోజున చేప కనబడలేదని చెప్పడం చేప లేదనడానికి సాక్ష్యం కాదు. ఒకే చోట, ఒకే లోతున, ఒకే రుతువులో, తేట నీటిలో ఏటేటా లెక్కించినప్పుడే ‘తగ్గింది’ అన్న మాటకు విలువ వస్తుంది. లక్షద్వీపాల్లో పరిశోధకులు ఇటువంటి నిష్ఠతోనే నీటిలోకి దిగి, 1998లో సుమారు 37 శాతం ఉన్న సజీవ పగడాల విస్తీర్ణం 2022 నాటికి 19 శాతం దగ్గరకు వచ్చిందని, పదే పదే వచ్చిన సముద్రపు ఉష్ణతరంగాలు దానికి కారణమని నిరూపించగలిగారు.

మన తీరానికి అంతటి దీర్ఘకాలపు లెక్కలు అరుదైనా, ప్రతియోగి స్మృతి మాత్రం పూర్తిగా చెరిగిపోలేదు. అది జాలరిపేటల్లో ఉంది. ఏ మాసంలో కవళ్లు తీరానికి వచ్చేవో, వంజరం ఏ రాళ్ల దగ్గర తిరిగేదో, అలివి వల లాగితే ఏయే రకాలు పడేవో ఎరిగిన వృద్ధుల మాటను నైయాయికుల పరిభాషలో ఆప్తవాక్యం అనాలి. విషయం తెలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. డైవర్ చూపుకు ఆ మాట తోడైతేనే అభావజ్ఞానం సంపూర్ణమవుతుంది.

జ్ఞానం కలిగాక ధర్మం మొదలవుతుంది. సముద్రుడు సమస్త నదులకు భర్త గనుక ఎంతటి మాలిన్యాన్నైనా తనలో కలుపుకొని పవిత్రం చేస్తాడన్న విశ్వాసం శ్రద్ధలోంచి పుట్టినదే కావచ్చు. అయితే రాళ్లకు చిక్కుకుపోయిన నైలాన్ వల ఏళ్ల తరబడి చేపలను, తాబేళ్లను చంపుతూనే ఉంటుందని తెలిసిన తరువాత కూడా ఆ విశ్వాసాన్ని ఆశ్రయించడం భక్తి అనిపించుకోదు. మరోవైపు, పోయింది పోయిందన్న నిర్వేదమూ శాస్త్రసమ్మతం కాదు. అభావాలు నాలుగని అన్నంభట్టు విభజించాడు. వస్తువు నశించాక ఏర్పడే ప్రధ్వంసాభావానికి ఆది ఉంది గాని అంతం లేదు. వస్తువు పుట్టకముందు ఉండే ప్రాగభావానికి ఆది లేదు గాని అంతం ఉంది. చచ్చిన పగడం తిరిగి రాదు. పుట్టవలసిన చేప మాత్రం ఇంకా ప్రాగభావంలోనే ఉంది, కారణసామగ్రి సమకూరిన నాడు ఆ అభావం తొలగిపోతుంది. మెక్సికోలోని కాబో పుల్మోలో 1995లో సముద్ర ఉద్యానవనం ఏర్పడి, అక్కడి ప్రజలే వేటను విడిచిపెట్టి కాపలా కాయగా, 1999 నుంచి 2009 వరకు గడిచిన పదేళ్లలో అక్కడి మత్స్యరాశి బరువు 460 శాతానికి పైగా పెరిగింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటను ఆపే నిషేధం కూడా పుట్టవలసిన చేపకు దారి ఇవ్వడానికి ఉద్దేశించినదే.

మనిషి రుణాలతో పుడతాడని, వాటిలో రుషి రుణం అధ్యయనం ద్వారా తీరుతుందని ధర్మశాస్త్రం చెబుతుంది. నేర్చినదాన్ని తరువాతి తరానికి అందించడం ఆ అధ్యయనానికి కొనసాగింపే. సముద్రం విషయంలో ఆ రుణం తీర్చే మార్గం స్పష్టంగానే ఉంది: నీటిలోకి దిగే ప్రతి డైవరూ తేదీ, లోతు, తేట, చూసిన జీవులు, చూడాలని వెదికినా కనబడనివి రాసిపెట్టాలి, విశ్వవిద్యాలయాలు జాలరి పెద్దల జ్ఞాపకాలను వారి జీవితకాలంలోనే సేకరించాలి, నగరాలు తమ గెడ్డల్లోని మురుగును శుద్ధి చేయకుండా సముద్రంలోకి వదలడం మానాలి. సముద్రం ఎంత నిండుగా ఉండేదో తెలిసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు గనుక, తెలియక చేశామని చెప్పుకునే అవకాశం ఈ తరానికి లేదు.