ఒక పేరు, అనేక ప్రాణములు

వస్తువునకు మనమిడిన పేరు ఆ వస్తువుయొక్క స్వరూపమును స్పృశించునా, లేక మన వ్యవహారసౌకర్యమునకై కల్పింపబడి దాని వెలుపలనే నిలిచిపోవునా యను ప్రశ్న మన దార్శనికులను శతాబ్దములుగా వేధించినది. శాస్త్రచర్చలయందే పుట్టి అందే యణగిపోవు ప్రశ్న కాదిది. ఎండిన వృక్షజాతుల నమూనాలను భద్రపఱచు హెర్బేరియములో, ఒక లైకెన్ ముక్కను కాగితపు పొట్లములో నుంచి దానిపై పేరు వ్రాయబూనినవానికి అది ప్రతిదినమును ఎదురగుచునే యుండును.

లైకెన్ మన మెఱుగనిది కాదు. కొండగుండ్లపై బూడిదవన్నె పొరలుగాను, చెట్ల బెరడులపై లేతాకుపచ్చని రేకులుగాను కనబడునది అదియే. మన వంటయిండ్లలో మసాలాదినుసుగా వాడు రాతిపువ్వును లైకెనే. రేకువంటి లైకెన్ నొకదానిని పలుచగా కోసి సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో, పైన గట్టి తొడుగు, దాని దిగువను గుండ్రని ఆకుపచ్చ శైవలకణముల వరుస, ఆ క్రింద వదులుగా నల్లుకొనిన తెల్లని శిలీంధ్రపు పోగులు, అట్టడుగున ఆధారమును పట్టుకొను నల్లని తంతువులు విస్పష్టముగా గోచరించును. శైవలము సూర్యరశ్మితో ఆహారమును సిద్ధపఱచును. శిలీంధ్రము దానికి ఆశ్రయమిచ్చును. ఇది ఒకే ప్రాణి కాదనియు, రెండు భిన్నజీవుల కలయిక యనియు 1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ ప్రకటించినపుడు నాటి లైకెన్ పండితులలో పెక్కండ్రు ఆ మాటను త్రోసిపుచ్చిరి.

నేడది సర్వసమ్మతము. అయినను పేరు చిక్కు తీరలేదు. అంతర్జాతీయ నామకరణ నియమావళి ననుసరించి లైకెన్‌కు పెట్టిన పేరు అందలి శిలీంధ్రమునకే చెందును. శైవలమునకు వేఱు పేరు కలదు. ఉభయమును గూడి యేర్పడి, మన కంటికి కనబడి, చేతికి తగిలి, పొట్లములోనికి చేరిన ఆ సమస్తదేహమునకు మాత్రము తనదైన పేరు లేదు. 2016లో బ్రయోరియా ప్రజాతికి చెందిన రెండు లైకెన్లను, అనగా గోధుమవన్నెదానిని, విషముగల పసుపువన్నెదానిని, పోల్చి చూడగా రెంటియందును ప్రధానశిలీంధ్రము ఒకటే, శైవలమును ఒకటే. అయితే పైతొడుగులో ఈస్టు రూపమున మఱియొక శిలీంధ్రము నివసించుచున్నదనియు, పసుపువన్నెదానిలో అది యధికమనియు తేలినది.

ఇట్టి సమస్తము తన భాగములకంటె వేఱా యను వివాదము మన దార్శనికులలో ప్రాచీనమైనదే. అవయవములకంటె భిన్నమైన అవయవి యొకటి కలదని నైయాయికులు వాదించిరి. దారములయందు సమవాయమను విడదీయరాని సంబంధముచే నిలిచిన క్రొత్త ద్రవ్యమే వస్త్రమని వారి సిద్ధాంతము. అవయవములే తప్ప అవయవి లేదని బౌద్ధులనిరి. మిళిందరాజుతో బౌద్ధభిక్షువగు నాగసేనుడు రథమును గూర్చి జరిపిన సంవాదము దీనికి ప్రసిద్ధోదాహరణము. లైకెన్ ఇరుపక్షములకును సాక్ష్యము పలుకును. దానినుండి శిలీంధ్రమును వేఱుచేసి ప్రయోగశాలలో పెంచినచో అది సాధారణముగా రూపులేని ముద్దయై పెరుగునేగాని రేకులు తొడుగదు. శైవలసంయోగముననే ఆ ఆకృతి సిద్ధించును గనుక, విడివిడి అవయవములలో లేనిది అవయవియందు కలదను నైయాయికుని మాట నిలుచుచున్నది. కాని విడదీసిన శైవలము తన బ్రతుకు తాను బ్రతుకగలదు. అవయవములెన్ని యను లెక్కయే నేటికిని ముగియలేదు. కనుక బౌద్ధుని సందేహమును నిలుచుచున్నది.

ఈ వివాదమునకు తీర్పు చెప్పుట నా యుద్దేశము కాదు. తీర్పు వచ్చువఱకు పేరు వ్రాయు చేయి ఆగవలయునా యనునదే నా విచారము. మన శ్రీపర్వతముతో సంప్రదాయము ముడిపెట్టిన నాగార్జునాచార్యుడు సత్యమును రెండు తెఱగుల విభజించి, వ్యవహారసత్యము నాశ్రయింపనివానికి పరమార్థబోధ అసాధ్యమని నిర్ణయించెను. వ్యవహారము హేయము కాదు. దానిని పరమార్థమని భ్రమించుటయే దోషము.

ఇందులకు విలియం నైలాండర్ జీవితమే ప్రబలమైన నిదర్శనము. ఫిన్లాండులో పుట్టి పారిసులో స్థిరపడిన ఈ మహాపండితుడు ష్వెండెనర్ సిద్ధాంతమును కడవఱకు అంగీకరింపక 1899లో కన్నుమూసెను. తాను జీవితమంతయు పరిశోధించిన వస్తువుయొక్క తత్త్వమునే ఆయన నిరాకరించెనన్నమాట. అయినను ఆయన కృషి నిలిచినది. కోసిన లైకెన్‌పై క్షారద్రావణపు చుక్క వేసినపుడు తెల్లనిపొర కొన్ని జాతులలో పసుపై, చూచుచుండగనే ఎఱ్ఱబారును. జాతినిర్ణయమునకై ఇట్టి రసాయనపరీక్షలను 1866లో ప్రవేశపెట్టినవాడు ఆయనయే. అదే సంవత్సరమున పారిసులోని లక్సెంబర్గు ఉద్యానములో పెరుగు లైకెన్లను ఆయన పట్టికగా వ్రాసి, నగరపు గాలి స్వచ్ఛతకు అవి కొలమానములని సూచించెను. ఆయన తత్త్వనిశ్చయము తప్పినది. ఆయన పట్టిక తప్పలేదు.

ఏలయన, పట్టిక వ్రాయువాని ధర్మము వేఱు. రాతిని విడువని పొరను ఉలితో రాతిపెచ్చుతోసహా తీయవలయును. ఎండి పెళుసెక్కిన రేకులను నీటితో తడిపి చిట్లకుండ కత్తితో వేఱుచేయవలయును. గాలికి ఆరనిచ్చి పొట్లములో మడువవలయును. ఆపై సేకరించిన చోటు, సముద్రమట్టమునుండి ఎత్తు, అది పెరిగినది రాతిపైనో బెరడుపైనో, బెరడైనచో ఏ చెట్టుదో, తేదీ, సేకర్త పేరు, సంఖ్య వ్రాయవలయును. తరువాతివాడు జాతిపేరును సవరింపదలచినచో పాతచీటిని చింపడు. దాని ప్రక్కనే క్రొత్తచీటి నంటించి తన పేరును తేదీని వ్రాయును. తన మాటకు తాను పూచీపడుచు, రేపటివాని దిద్దుబాటునకు చోటు విడిచిపెట్టు ఈ యాచారము నా దృష్టిలో సత్యవ్రతమే. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనాలయపు హెర్బేరియములో ధరణీధర్ అవస్థి జీవితకాలమున కూర్చిన లైకెన్ సంపద ఇట్లే భద్రముగా నున్నది. అందలి పేర్లు కొన్ని మారవచ్చును, ఏ కొండపై ఏనాడు ఏది జీవించినదను సాక్ష్యము మాత్రము మారదు.

పేరు పరమార్థమును పట్టలేదన్న జ్ఞానము పేరును అశ్రద్ధగా వ్రాయుటకు అనుమతి కాజాలదు. అది మఱింత శ్రద్ధతో వ్రాయుమను ఆజ్ఞయే. మన తూర్పుకనుమలలో ఇంకను ఎవరును నమోదు చేయని రాళ్ళును, బెరడులును ఎన్నియో కలవు. వృక్షశాస్త్రము చదువు మన విద్యార్థులు తత్త్వనిర్ణయము కొఱకు వేచియుండక, ఆ కొండలెక్కి, చూచినదానిని చూచినట్లు వ్రాసి భద్రపఱతురు గాక.