ఒక పొయ్యి, రెండు పళ్లెములు



మీ యింటిలో రాత్రి చివరగా గిన్నెలు కడుగునది ఎవరు? ఆమె ఆ పూట ఏమి తినెనో మీకు తెలియునా? ప్రశ్న చిన్నదే. గాని దీనికి వెంటనే జవాబు చెప్పగల పురుషులు మన సంఘములలో ఎందరుందురో నాకు సందేహమే. నేనును చాల కాలము చెప్పలేకపోయినవాడనే.

పూర్వము మన పల్లెలలో భార్యాభర్తలు ఒకే చేనికి పోయి, ఒకే చెట్టు క్రింద సద్దిమూట విప్పుకొనెడివారు. ఇప్పుడట్లు జరుగు ఇండ్లు తగ్గిపోయినవి. తెల్లవారుజామున కుప్పము స్టేషనులో నిలిచి చూడుడి. బెంగుళూరు వైపు పోవు బండి కొరకు చేత క్యారియరు పట్టుకొని ఎందరు నిలుచుందురో! వారు ఇల్లు విడుచు వేళకు బిడ్డలు లేవరు, తిరిగి వచ్చు వేళకు బిడ్డలు నిద్రించియుందురు. భార్య చేనిపనికో, పట్టుపురుగుల షెడ్డుకో పోయి, తన వేళకు తాను తినును. పుంగనూరు ప్రక్కన నేనెరిగిన వృద్ధ దంపతులున్నారు. ఆయనకు చక్కెరవ్యాధి గనుక అన్నము తగ్గించి సంగటి ముద్ద తినవలెనని వైద్యుడు చెప్పెను. ఆమెకు పళ్లు లేవు గనుక ముద్ద దిగదు, జావ కావలెను. ఇద్దరికి వచ్చు పింఛను డబ్బు మాత్రము ఒకే సంచిలో పడును. వారి సంగతి సులభముగానే తీరినది. రాగిపిండి ఒకటే. గట్టిగా గెలికిన ఆయన పళ్లెములోనికి, పలుచగా కాచిన ఆమె గిన్నెలోనికి. (ఆ ఊరి పేరు మోసిన పొట్టి ఆవు ఒకటి తమ పెరటిలో ఉండిన ఇంకను సులభముగా ఉండునని ముసలాయన నవ్వుచుండును. దాని వెల విన్న తరువాత ఆ నవ్వు నిలిచిపోవును.)

నన్ను నిద్రపోనీయకుండ చేసిన ఇల్లు మదనపల్లెలో ఉన్నది. దానిని గూర్చియే వ్రాయవలెనని కూర్చుంటిని.

భర్త ఒక గోదాముకు రాత్రి కాపలాదారు. భార్య టమాటా మార్కెట్టు యార్డులో కాయలు ఏరి పెట్టెలకెత్తు పని చేయును. ఆమె చీకటితో లేచి, టీ నీళ్లు త్రాగి, భర్తకు గిన్నెలో వండిపెట్టి, మూత వేసి పోవును. ఆయన తెల్లవారి వచ్చి మూత తీసి తిని పండుకొనును. ఆమె మధ్యాహ్నము వచ్చునప్పటికి ఆయన నిద్రలో ఉండును. సాయంకాలము మరల వండి ఆయనకు వడ్డించి పనికి పంపును. “నువ్వు తినవా?” అని ఆయన అడిగిన, “తర్వాత తింటాను, నువ్వు పో” అనును. ఆ “తర్వాత” అనుమాట మన తెలుగు ఇండ్లలో ఎన్ని ఆకలులను కప్పిపెట్టినదో దేవునికే తెలియును.

ఆయనకు క్షయవ్యాధి యని తేలినది. మందులు ప్రారంభించిరి. మంచి ఆహారము తినవలెనని చెప్పిరి. ఆమె ఆ మాటను దైవాజ్ఞగా పట్టుకొనెను. దినమునకొక గుడ్డు, ఒక గ్లాసు పాలు, ఆదివారము కొంచెము మాంసము. ఆమె పుట్టినింటివారు మాంసము, గుడ్డు ముట్టనివారు. బాప్తిస్మము పొందిన తరువాతను ఆమెకు ఆ రుచి అలవడలేదు. రోమా పత్రిక పదునాలుగవ అధ్యాయము చదివినవారికి ఇందులో వింత లేదు. తినువాడు తినని వానిని చిన్నచూపు చూడరాదనియు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదనియు పౌలు అక్కడ బోధించెను. ఆ విషయములో వారిద్దరికి ఎన్నడును జగడము లేదు. ఆమె తాను తినని గుడ్డును తన చేతితోనే ఉడికించి, పెంకు తీసి ఆయన గిన్నెలో పెట్టెడిది.

నేను వారి ఇంటికి ప్రార్థనకు పోయినప్పుడు, ఖర్చు ఎట్లు గడుచుచున్నదని అడిగితిని. ఆమె గోడమీది క్యాలెండరు చూపెను. గుడ్లు ఇంత, పాలు ఇంత, కూర ఇంత అని వ్రాసియున్నది. “మరి నీకేమి, తల్లీ?” అంటిని. ఆమె నవ్వి, “నేను గుడ్డు తిననుగదా అయ్యగారూ, నాకేం ఖర్చుండాది?” అనెను.

చదువరీ, ఆ మాటయొద్ద కొంచెము నిలువుడి. ఆమె గుడ్డు తినదన్నది నిజమే. గనుక గుడ్డు డబ్బులో ఆమెకు పాలు లేదు. అయితే దానికి బదులుగా ఆమెకు తగినది ఏదైనను కొనవలెనని ఆ క్యాలెండరులో ఎవరును వ్రాయలేదు, ఆమెయు వ్రాసికొనలేదు. ఇద్దరి ఆహారము వేరైనప్పుడు జరుగు అన్యాయము తరచుగా ఇట్లే జరుగును. ఎవరును దేనిని లాగికొనరు. ఒకరి వస్తువు లెక్కలోనికి వచ్చును, ఇంకొకరి వస్తువు లెక్కలోనికే రాదు. ఆమె దినమంతయు తినుచున్నది రేషను బియ్యపు అన్నము, నీళ్ల చారు. ఆ బియ్యమునకు వెల లేదు గనుక ఆమె భోజనమునకును వెల లేకపోయెను.

“అమ్మ తినుట నీవు చూచితివా?” అని భర్తను అడిగితిని. ఆయన చాలసేపు నేల చూచి, “ఎప్పుడు తింటాదో నేను చూడనే లేదయ్యా” అనెను. ఆయన కఠినుడు కాడు. ఆయన చూచునది మూత పెట్టిన గిన్నె మాత్రమే. తన గిన్నె నిండియుండుట చూచి, ఇల్లు నిండియున్నదని అనుకొనెను.

మదనపల్లెలో ఈ వ్యాధిని గూర్చి మాటలాడునప్పుడు ఆరోగ్యవరమును జ్ఞాపకము చేసికొనకుండ ఉండలేము. అనేక మిషనులు ఏకమై 1912లో స్థాపించిన క్షయ ఆసుపత్రి అది. డేనిష్ మిషనరీ వైద్యుడు ఫ్రిమొడ్ట్ మొల్లరు అక్కడ దీర్ఘకాలము సేవ చేసెను. క్రిములను చంపు మందులు రాక మునుపు, మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే అట్టి ఆసుపత్రుల ఆయుధములు. మందులు వచ్చిన తరువాత 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రము ఏర్పడెను. ఆసుపత్రిలో మంచి భోజనముతో ఉంచబడిన రోగులను, ఇరుకు ఇండ్లలో పేద భోజనముతోనే ఉండి మందు మ్రింగిన రోగులను అక్కడ పోల్చి చూచిరి. ఇంటిలో ఉన్నవారును దాదాపు అంత చక్కగానే స్వస్థపడిరని 1959లో ప్రకటించిరి. లోకమంతట చికిత్స పద్ధతి దానితో మారెను. మందు క్రమముగా మ్రింగుట ఎంత ముఖ్యమో దానివలన తెలిసెను.

అయితే దానిని విని, తిండి సంగతి ఎట్లున్నను పరవాలేదని కొందరనుకొనిరి. అది రోగిని గూర్చిన లెక్క. రోగి ప్రక్కన నివసించువారి లెక్క వేరు. జార్ఖండులో చేసిన ఒక గొప్ప పరిశోధన ఫలితములు 2023లో వెలువడెను. అక్కడ రోగులందరికి ఆహారపు సంచులిచ్చిరి. కొన్ని కుటుంబములలో రోగికి మాత్రమే గాక ఇంటివారికి కూడ, మనిషికి నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమినుల మాత్రలు ఇచ్చిరి. పదివేల మందికి మించిన ఆ ఇంటివారిని కనిపెట్టి చూడగా, తామును తిన్న ఇండ్లలో క్రొత్తగా క్షయ సోకుట 39 శాతము తగ్గెను. ఊపిరితిత్తుల క్షయ ఇంకను ఎక్కువగా, 48 శాతము తగ్గెను. బియ్యము, పప్పు! ఇంతకంటె సామాన్యమైన వస్తువులు మన ఇండ్లలో ఏమున్నవి?

కాబట్టి రోగికొరకు తన పాలు తగ్గించుకొను ఆ స్త్రీ, రోగము ప్రక్కన ఆకలితో పండుకొనుచున్నది. ఆయన బరువు ఆసుపత్రిలో తూచి వ్రాయుదురు. దినమంతయు తూకముల నడుమ పని చేయు ఈమెను తూచినవారు ఎవరును లేరు.

ఇక్కడ మీలో ఒకరు నన్ను అడుగవచ్చును: “అయ్యా, త్యాగము తప్పా? ప్రభువు తన్నుతాను ఇచ్చుకొనలేదా? సారెపతు విధవరాలు తన చివరి పిండితో మొదట ప్రవక్తకు రొట్టె చేయలేదా?” ఇది తేలికగా త్రోసివేయు ప్రశ్న కాదు. నేను ఆ విధవరాలిని గూర్చి ఎన్నో పర్యాయములు ప్రసంగించితిని. “మొదట” అను మాటను గట్టిగా పలికి, ఎదుట కూర్చున్న తల్లులను మెచ్చుకొంటిని. ఆ మదనపల్లె ఇంటినుండి వచ్చిన రాత్రి మొదటి రాజుల గ్రంథము పదునేడవ అధ్యాయము మరల తెరచితిని. పదునైదవ వచనములో, ఆమెయు అతడును ఆమె ఇంటివారును చాల దినములు తినిరని వ్రాయబడియున్నది. ఆమెయు తినెను! ఇన్నేండ్లు ఆ భాగమును నేను పలుకక దాటిపోతిని. ప్రవక్త మొదట తనకు తెమ్మని అడిగిన తరువాత, నీకును నీ బిడ్డకును చేసికొనుమని కూడ చెప్పెను గదా. ఆమె పళ్లెము ఖాళీగా ఉంచి తాను తినుచు కూర్చుండలేదు.

త్యాగమునకును, లెక్కలోనుండి జారిపోవుటకును భేదమున్నది. ఉపవాసముండువాడు, తినగలిగియుండియు దేవుని యెదుట మానును. తనకొక పాలున్నదని ఎరుగనివాడు దేనిని మానును? మరియొక సంగతి. ఆ స్త్రీ తన ఆకలిని దాచి, భర్తకు ఇచ్చు భాగ్యమును తాను పొందెను గాని, ఆమెకు ఇచ్చు భాగ్యమును ఆయనకు లేకుండ చేసెను. పురుషుడు తన శరీరమునువలె భార్యను చూచుకొనవలెనని ఎఫెసీ సంఘమునకు పౌలు వ్రాసెను. చూడనీయని శరీరమును ఎవడు చూచుకొనగలడు? ఇందులో తప్పెవరిదని నన్నడుగకుడి. ఇద్దరిని ఒకే పీటమీద కూర్చుండనీయని అలవాటుది అందును.

కొరింథు సంఘములోను ఇట్టిదే జరిగెను. తీరిక గలవారు ముందుగా వచ్చి తినిరి, పనివారు వచ్చునప్పటికి పాత్రలు ఖాళీ. ఒకరికొరకు ఒకరు ఆగుడని పౌలు చెప్పవలసివచ్చెను. అయితే కుప్పము బండి ఎవరికొరకు ఆగును? యార్డులో వేలము ఎవరికొరకు ఆగును? వేళలు కలియని ఇండ్లలో ఆగుట యనగా, అవతలివాని పాలు ముందుగా తీసిపెట్టుటయే. రూతు చేలో కడుపునిండ తిని, మిగిల్చినది నయోమికి తెచ్చి ఇచ్చెను. తానును తినెను, తెచ్చియు ఇచ్చెను. ఆ రెండును జరిగినవి.

మేము ముగ్గురము ఆ క్యాలెండరును దించి క్రొత్త లెక్క వేసితిమి. రోగికి ప్రభుత్వము ఆహారము కొరకు ఇచ్చు డబ్బు 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలైనది. అది చాలదు, అయినను అది మొదలు. ఒక గుడ్డులో మాంసకృత్తులు సుమారు 6 గ్రాములు. పిడికెడు చెనక్కాయ గింజలలో, అనగా 25 గ్రాములలో, ఉండునది కూడ దాదాపు అంతే. గనుక ఆయన గుడ్డు ఎదుట ఆమె పిడికెడు గింజలు వ్రాసితిమి. గుడ్డు కొన్న దినమున గింజలును కొనవలెను. గుడ్డుకు డబ్బు లేని దినమున ఇద్దరును గింజలే తినవలెను. ఉలవలు చవుక, బలమైనవి, ఇద్దరికిని సరిపడును. ఉలవలు ఉడికించి కట్టు చారు పెట్టి, గింజలు తాలింపు వేసిన రెండు పూటలు గడుచును. బియ్యము తగ్గించి రాగులు కలిపిన సంగటి రెండు పళ్లెములకును ఒక్కటే. నూరు గ్రాముల రాగులలో సున్నము మూడువందల మిల్లీగ్రాములకు మించియుండగా, బియ్యములో పది మాత్రమే. చలికాలములో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు, పెరటి మునగాకు, ఇవి ఎవరి ఆహార నియమమునకును అడ్డు రావు. మాంసము వండు దినమున ముందు ఆమెకు పప్పు తీసిపెట్టి, తరువాతనే వేరు గిన్నెలో మాంసము. టమాటా సంగతి అడుగవద్దు. 2023 జూలైలో కిలో రెండువందల దరిదాపులకు పోయినదీ అదే యార్డులో, వెల లేక రైతు పారబోసినదీ అదే యార్డులో. చవుకగా ఉన్న దినములలో ఆమె ఏరి తెచ్చి ఎండబెట్టుకొనును.

మూత వేయు గిన్నెలు ఇప్పుడు రెండు. సాయంకాలము అయిదు గంటలకు ఆయన పనికి పోక మునుపు ఇద్దరును కూర్చుండవలెననియు, “తర్వాత” అను మాట ఆ ఇంటిలో పలుకరాదనియు మాట తీసికొంటిని. తరువాతి నెల ఆసుపత్రికి ఇద్దరును పోయిరి. ఆమెను కూడ పరీక్షించి తూచిరి. ఆమె బరువు నలుబది కిలోలకు తక్కువగా ఉన్నది. వ్యాధి సోకలేదు, దేవునికి స్తోత్రము.

యోహాను సువార్త చివరి అధ్యాయములో, రాత్రియంతయు పని చేసి వచ్చిన జాలరులకొరకు ఒడ్డున నిప్పులు, చేప, రొట్టె సిద్ధముగా ఉండెను. వండినవాడు ప్రభువే. ఈ భాగమును ఆ ఇంటిలో చదివి వచ్చితిని, వివరణ యేమియు చెప్పలేదు. కొన్ని దినములైన తరువాత ఆమె నాకు మందిరమునొద్ద కనబడి నవ్వు ఆపుకొనలేక చెప్పినది: మధ్యాహ్నము తాను యార్డునుండి వచ్చునప్పటికి, ఆయన నిద్ర మానుకొని లేచి, పొయ్యి రాజేసి సంగటి గెలికి మూత పెట్టియుంచెనట. “అంతా ఉండలు కట్టిండాది అయ్యగారూ. అయినా నేను తినేదాకా ఎదురుగా కూర్చొనే ఉన్నాడు.”