విశ్రాంతి రాయని చీటీ

తాండూరు నాపరాయి గనుల్లో రోజంతా బండలెత్తిన మనిషి సాయంత్రం డాక్టర్ దగ్గరికి వచ్చి అడిగేది ఒక్కటే: "సూదేసి పంపు సారూ, పొద్దుగాల్నే పనికి పోవాలె." పడిశం, జ్వరం. చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే. నాలుగు రోజులు పడుకుంటే వాటంతటవే తగ్గుతాయి. అయినా చీటీలో ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి గోళీ, ఒక గ్యాస్ గోళీ, ఆపైన సూది. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా దాదాపు ఇదే వరుస. డాక్టర్ దురాశ అనడం తేలిక. రోగి తెలియనితనం అనడం ఇంకా తేలిక. ఆ చీటీ రాసింది జబ్బుకా, మరునాటి కూలికా అన్న అనుమానం మాత్రం నన్ను వదలదు.

వికారాబాద్ పక్కనే అనంతగిరి గుట్టల మీద నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉంది. మందుల్లేని రోజుల్లో శానటోరియం వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక. సంపాదించేవాడు మంచం పడితే పొయ్యి వెలగని ఇంటికి అది అందేదా? 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం ఈ చిక్కు విప్పింది. ఏడాదిపాటు మందులు వాడాక చూస్తే, ఇరుకు ఇళ్లలో అరకొర తిండితో ఉన్న రోగులకూ శానటోరియంలో ఉన్నవాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. 1959లో ఆ సంగతి లోకానికి తెలిసింది. గోళీ పేదవాణ్ణి మంచం మీంచి లేపింది. అందుకే గోళీని తిట్టడానికి నాకు నోరు రాదు.

కానీ క్షయకు చెల్లిన లెక్క పడిశానికి చెల్లుతుందా? యాంటీబయాటిక్‌ల అమ్మకాన్ని అదుపు చేయడానికి 2014 మార్చి నుంచి మందుల నియమాల్లో హెచ్1 షెడ్యూల్ అమల్లో ఉంది. అందులోని యాంటీబయాటిక్‌లు అమ్మితే దుకాణదారు రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మంచి నియమమే. మందుకు లొంగని క్రిములు ఒక్కరి ఒంట్లోనే ఆగిపోవు. అయితే, రేపు మనవడికి మందు పనిచేయదన్న భయం, రేపటి బియ్యానికి డబ్బుల్లేవన్న భయం ముందు ఎంతసేపు నిలుస్తుంది? రాబోయే తరాల పట్ల మనకు బాధ్యత ఉన్న మాట నిజం. దాన్ని మొట్టమొదట బండలెత్తేవాడి వీపు మీదే పెట్టడం ఏ న్యాయం?

2021 సెప్టెంబరులో ఇదే వికారాబాద్‌లో డ్రోన్‌లతో మందులు పంపారు. ముచ్చటేసింది, కాదనను. మందుకు దూరం తగ్గింది సరే, "నీకు మందు అక్కర్లేదు, పడుకో" అన్న మాట ఆ మనిషి దాకా చేరేదెలా?

ఆ మాటకు చట్టంలో విలువ లేకపోలేదు. ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చట్టం 1948లోనే వచ్చింది. షరతుల మేరకు చందా కట్టిన కార్మికుడికి డాక్టర్ విశ్రాంతి రాస్తే, ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం చేతికొస్తుంది. విశ్రాంతి కూడా చీటీ మీద రాయదగిన మందేనని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకున్నట్టే కదా. హాజరు పట్టీలో పేరెక్కని కూలీకి మాత్రం ఆ చీటీ చెల్లదు. అతన్ని మూడు రోజులు పడుకోమనే డాక్టర్ వైద్యం చేసినట్టా, జరిమానా వేసినట్టా?